వైట్ సాక్స్ ఇంకా ఎన్నేళ్లు ఓడిపోతుంది? రీబిల్డ్‌తో విసిగిపోయిన అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

షికాగో దక్షిణ భాగంలో, 35వ వీధి దగ్గర ఆడే వైట్ సాక్స్ జట్టు 2024లో 162 ఆటలకు గాను 121 ఓడిపోయింది. 1900 తర్వాత మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక్క సీజన్‌లో ఇన్ని ఆటలు ఓడిన జట్టు ఇంకొకటి లేదు. నేపర్‌విల్, అరోరా, షామ్‌బర్గ్ వైపు స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో కూడా పిల్లల వల్లనో, ఆఫీసులో స్నేహితుల వల్లనో ఈ జట్టుకి అలవాటు పడినవాళ్లు ఉన్నారు. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నేను ఈ జట్టు అభిమానిని. కోపం కూడా ఉంది, దాన్ని దాచడం లేదు.

అసలు రీబిల్డ్ అంటే ఏంటి?

ఇప్పుడున్న జట్టుతో గెలవలేమని యాజమాన్యం తేల్చుకున్నాక, పేరున్న ఆటగాళ్లని వేరే జట్లకి ఇచ్చేసి, బదులుగా ఇంకా పైకి రాని కుర్రాళ్లని తీసుకుంటుంది. వాళ్లు ఎదిగేదాకా మూడు నాలుగేళ్లు ఓడిపోతాం, ఆ తర్వాత వరసగా గెలుస్తాం అని అభిమానులకి చెబుతుంది. ఆ మూడు నాలుగేళ్లు టికెట్ కొనేదీ, టీవీ ముందు కూర్చునేదీ మనమే.

ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ 2023లో అట్టడుగున ఉండి, 2024లో ఫైనల్ ఆడింది. వీళ్లకి ఎందుకు ఇన్నేళ్లు?

మన ఇళ్లలో అందరికంటే ముందు వచ్చే ప్రశ్న ఇదే. ఐపీఎల్‌లో వేలం ఉంది. డబ్బు ఉంటే ప్యాట్ కమిన్స్‌ని, ట్రావిస్ హెడ్‌ని ఒక్క రోజులో తెచ్చుకోవచ్చు. డెక్కన్ చార్జర్స్ అయితే 2008లో ఆఖరి స్థానంలో ఉండి, 2009లో కప్పే కొట్టింది.

బేస్‌బాల్‌లో అలాంటి వేలం లేదు. మేజర్ లీగ్‌కి వచ్చిన కుర్రాడు ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యేదాకా తనను తీసుకున్న జట్టు చేతిలోనే ఉంటాడు. మొదటి మూడేళ్లూ జీతం కనీస స్థాయికి దగ్గరగానే ఉంటుంది. అందుకే మంచి కుర్రాళ్లని ఎవరూ తేలిగ్గా వదులుకోరు. వాళ్లు పైకి రావడానికి కూడా ఏళ్లు పడుతుంది. డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే పద్ధతి) తీసుకున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడు ముందు కనాపలిస్, తర్వాత విన్‌స్టన్-సేలం, ఆపైన బర్మింగ్‌హామ్, చివరికి షార్లెట్. వైట్ సాక్స్‌కి ఉన్న ఈ నాలుగు కింది స్థాయి జట్ల మెట్లూ ఎక్కి రావాలి. ఒక్కో మెట్టు దగ్గర బంతి వేగం పెరుగుతుంది, మలుపు పెరుగుతుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. మైకేల్ జోర్డన్ అంతటివాడు 1994లో బాస్కెట్‌బాల్ వదిలి ఇదే బర్మింగ్‌హామ్ జట్టుకి ఆడితే అతని బ్యాటింగ్ సగటు .202, అంటే పది ప్రయత్నాల్లో రెండుసార్లే హిట్ కొట్టాడు. ఈ ఆట ఎంత కష్టమో తెలియడానికి ఆ ఒక్క అంకె చాలు.

ఓడిపోయే జట్లు చాలా ఉంటాయి. ఈ అభిమానులకే ఎందుకు ఇంత కోపం?

ఎందుకంటే ఇది రెండో రీబిల్డ్. మొదటిదానికి మేం ఏ గొడవా చేయకుండా ఒప్పుకున్నాం.

2016 డిసెంబర్‌లో క్రిస్ సేల్‌ని బోస్టన్‌కి ఇచ్చేశారు. అప్పటికి అమెరికన్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటి) ఉన్న గొప్ప పిచ్చర్లలో, అంటే బంతి వేసేవాళ్లలో, అతనొకడు. బదులుగా యోవాన్ మోంకాడా, మైకేల్ కోపెక్, ఇంకో ఇద్దరు వచ్చారు. మర్నాడే ఆడమ్ ఈటన్ వెళ్లాడు. లూకస్ జియోలీటో, రేనాల్డో లోపెజ్, డేన్ డనింగ్ వచ్చారు. 2017 జులైలో హోసే కింటానాని ఏకంగా ఊళ్లోనే ఉన్న కబ్స్‌కి ఇచ్చి ఎలోయ్ హిమేనెజ్, డిలన్ సీస్‌లని తెచ్చుకున్నారు. ఆ కుర్రాళ్ల పేర్లు చూసి దేశమంతా వైట్ సాక్స్ దశ తిరిగిందంది. మేమూ నమ్మాం. 2017లో 95 ఓటములు, 2018లో 100, 2019లో 89. ఓపిక పట్టాం.

ఫలితం రాలేదని అనలేం. 2020లో హోసే అబ్రేయూకి ఎంవీపీ (ఉత్తమ ఆటగాడి అవార్డు) వచ్చింది, జియోలీటో పిట్స్‌బర్గ్ మీద నో-హిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) వేశాడు. 2021లో 93 ఆటలు గెలిచి తమ డివిజన్‌లో మొదటి స్థానం కొట్టారు. ఆ ఆగస్టు 12న అయోవాలో మొక్కజొన్న చేల మధ్య కట్టిన మైదానంలో యాంకీస్ మీద ఆఖరి ఇన్నింగ్స్‌లో టిమ్ ఆండర్సన్ కొట్టిన బంతి చేలో పడింది. 9-8తో మేం గెలిచాం. ఆ రాత్రి మా జట్టు కనీసం ఐదేళ్లు ఏలుతుందనుకున్నాం.

2022లో 81 గెలుపులు, 81 ఓటములు. 2023లో 101 ఓటములు. 2024లో 121.

చిట్టీ వేసి నెలనెలా కట్టుకుంటూ వస్తే, మన పాట వచ్చేసరికి డబ్బు లేదని చెప్పి, ఇంకో కొత్త చిట్టీ మొదలుపెట్టి అందులోనూ చేరమంటే ఎలా ఉంటుంది? షికాగో దక్షిణం వైపు కోపం అలాంటిది.

మొదటి రీబిల్డ్ ఎందుకు చెడిపోయింది?

నా లెక్క ప్రకారం మూడు తప్పులు జరిగాయి.

ఒకటి, కుర్రాళ్లు ఎదిగాక వాళ్ల చుట్టూ పెట్టాల్సిన డబ్బు పెట్టలేదు. 2019 మొదట్లో మానీ మచాడో అనే పేరున్న ఆటగాడు ఫ్రీ ఏజెంట్‌గా, అంటే ఏ జట్టుకైనా వెళ్లగలిగేలా, ఉన్నాడు. అతని బావమరిది యోండర్ అలోన్సోని, స్నేహితుడు జాన్ జేని ముందే జట్టులోకి తెచ్చారు. తీరా అసలు మనిషి 30 కోట్ల డాలర్లకి శాన్ డియాగో వెళ్లిపోయాడు. 2025 సీజన్ ముగిసేదాకా ఈ జట్టు చరిత్రలో అతి పెద్ద కాంట్రాక్ట్ ఆండ్రూ బెనింటెండీకి ఇచ్చిన 7.5 కోట్ల డాలర్లు. దేశంలోకెల్లా మూడో పెద్ద నగరంలో ఉన్న జట్టు ఇది!

రెండు, మేనేజర్ (క్రికెట్‌లో హెడ్ కోచ్ లాంటివాడు). 2020లో జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. వెంటనే రిక్ రెంటరియాని తీసేసి, 76 ఏళ్ల టోనీ లా రూసాని తెచ్చారు. ఆయన గొప్పవాడే, హాల్ ఆఫ్ ఫేమ్ మనిషి. కానీ 2011 తర్వాత డగౌట్‌లో కూర్చోలేదు. కుర్ర జట్టుకి అది తగిన ఎంపిక కాదని మొదటి రోజే చాలామంది చెప్పారు, ఎవరూ వినలేదు.

మూడోది అన్నిటికంటే పెద్దది. తెచ్చిన కుర్రాళ్లు కాక, ఇంకా కింద నుంచి వచ్చేవాళ్లు లేరు. మోంకాడా, హిమేనెజ్, లూయిస్ రాబర్ట్ ఒకరి తర్వాత ఒకరు గాయపడుతుంటే వాళ్ల బదులు ఆడడానికి షార్లెట్ నుంచి పంపే మనిషే లేడు. రీబిల్డ్ అంటే ఎనిమిది మంది మంచి కుర్రాళ్లని కొని తేవడం అనుకున్నారు. ఏటా ఇద్దరు ముగ్గురిని తయారు చేసి పైకి పంపగలిగే ఏర్పాటుని రీబిల్డ్ అంటారు. ఆ ఏర్పాటు కట్టలేదు.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. 121 ఆటలు ఓడిన అదే 2024లో, క్రిస్ సేల్ అట్లాంటాకి ఆడి నేషనల్ లీగ్‌లో ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. మేం అమ్మిన మనిషి ఎనిమిదేళ్ల తర్వాత కూడా అందరికంటే బాగా బంతులు వేస్తున్నాడు. అతనికి బదులుగా వచ్చిన కోపెక్ ఆ జులైలో డాడ్జర్స్‌కి వెళ్లి, అక్కడ వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిచి ఉంగరం తీసుకున్నాడు.

2024 నిజంగా అంత ఘోరంగా ఉందా? ఏ ఏడాదైనా ఓడే జట్టు ఓడుతుంది కదా?

అంత ఘోరంగానే ఉంది. మొదటి 25 ఆటల్లో 22 పోయాయి. జులై 10 నుంచి ఆగస్టు 5 దాకా వరసగా 21 ఆటలు ఓడారు. అమెరికన్ లీగ్‌లో 1988 బాల్టిమోర్ పేరిట ఉన్న రికార్డుతో సమం. ఆగస్టు 6న ఓక్లాండ్‌లో 5-1తో ఒకటి గెలిచారు. రెండు రోజుల తర్వాత మేనేజర్ పెడ్రో గ్రిఫోల్‌ని ఇంటికి పంపారు.

అంకెల కంటే ఒక్క ఆట చూస్తే బాగా తెలుస్తుంది. మే 23న సొంత మైదానంలో బాల్టిమోర్‌తో ఆట. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో పుంజుకుని 8-6 దాకా వచ్చారు. ఒక్కడే అవుట్, ఇద్దరు బేసుల మీద ఉన్నారు, స్టేడియంలో జనం లేచి నిలబడ్డారు. బెనింటెండీ కొట్టిన బంతి ఇన్‌ఫీల్డ్‌లోనే గాల్లోకి లేచింది. ఇన్‌ఫీల్డ్ ఫ్లై రూల్ ప్రకారం బ్యాటర్ ఎలాగూ అవుటే. రెండో బేసు దగ్గర ఉన్న ఆండ్రూ వాన్ వెనక్కి బేసు వైపు వస్తూ, బంతి కోసం వస్తున్న షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డర్) గన్నర్ హెండర్సన్‌కి కాస్త అడ్డం వచ్చాడు. హెండర్సన్ ఏ ఇబ్బందీ లేకుండా బంతి పట్టుకున్నాడు. అయినా అంపైర్ అడ్డుకున్నాడని చెప్పి వాన్‌ని కూడా అవుట్ ఇచ్చాడు. ఒకే బంతికి ఇద్దరు అవుట్, మూడు అవుట్లూ నిండి ఆట అయిపోయింది. నిలబడ్డ జనానికి కాసేపు ఏం జరిగిందో కూడా అర్థం కాలేదు. ఆ ఏడాది ఓడిపోవడానికి ఇలాంటి దారులు కూడా ఉన్నాయని తెలుసుకున్నాం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 120వ ఓటమి తర్వాత, సొంత మైదానంలో ఆఖరి మూడు ఆటల్లో ఏంజెల్స్‌ని మూడుసార్లూ ఓడించారు. రికార్డు ఓటమి సెప్టెంబర్ 27న డెట్రాయిట్‌లో వచ్చింది. ఆ తర్వాతి రెండు ఆటలూ గెలిచారు. ఆటగాళ్లు చేతులెత్తేశారని అనేవాళ్లు ఈ చివరి వారం గుర్తుంచుకోవాలి.

అయితే వీళ్లు కావాలనే ఓడిపోతున్నారా?

ఆటగాళ్లు కాదు. జట్టులో చోటు నిలుపుకోవడానికి ఒక్కొక్కడు ప్రాణం పెట్టి ఆడతాడు. కానీ గెలవలేని జట్టుని మైదానంలోకి పంపుతున్నామని ఆఫీసులో కూర్చున్నవాళ్లకి ముందే తెలుసు. 2024 సీజన్ మొదలవడానికి రెండు వారాల ముందు డిలన్ సీస్‌ని శాన్ డియాగోకి ఇచ్చేశారు. అది తప్పని నేను అనను. అతని కాంట్రాక్ట్ రెండేళ్లే మిగిలుంది. కానీ అలాంటప్పుడు టికెట్ ధర, పార్కింగ్ ధర కూడా అందుకు తగ్గట్టు ఉండాలి.

అందరికంటే ఎక్కువ ఓడారు కదా, మరి డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక రాలేదేం?

ఈ ప్రశ్న 2024 చివర్లో ప్రతి ఇంట్లోనూ వినిపించింది. ఆటగాళ్ల సంఘంతో లీగ్ చేసుకున్న 2022 ఒప్పందం తర్వాత మొదటి ఆరు ఎంపికలకి లాటరీ పెట్టారు, కావాలని ఓడేవాళ్లని ఆపడానికి. అందులో ఇంకో నియమం ఉంది: ఆదాయం పంచుకునే పద్ధతిలో ఇతరులకి చెల్లించే పెద్ద నగరాల జట్లు వరసగా రెండేళ్లు లాటరీలో ఉండకూడదు. వైట్ సాక్స్‌కి 2024లో లాటరీ ద్వారా ఐదో ఎంపిక వచ్చింది. దాంతో 121 ఓటముల తర్వాత 2025లో పదో ఎంపికే దిక్కయింది. కాలిఫోర్నియా హైస్కూల్ షార్ట్‌స్టాప్ బిల్లీ కార్ల్‌సన్‌ని తీసుకున్నారు. 2025లో 102 ఓటముల తర్వాత, ఆ డిసెంబర్ లాటరీలో 2026 మొదటి ఎంపిక దక్కింది.

హ్యూస్టన్ ఆస్ట్రోస్, కబ్స్ ఇలాగే ఓడి కప్పు కొట్టాయి. మనమూ కొడతాం కదా?

ఈ మాట ఓనర్లకి బాగా పనికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

కబ్స్ 2012లో 101 ఓడి, 2016లో 108 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆస్ట్రోస్ 2011, 2012, 2013ల్లో 106, 107, 111 ఓడి 2017లో గెలిచింది (ఆ ఏడాది ప్రత్యర్థి క్యాచర్ సైగలు దొంగిలించారన్న మచ్చ వేరే సంగతి). నిజమే. కానీ ఆస్ట్రోస్‌కి ఓడినందుకు ఏం దక్కిందో చూడండి. వరసగా మూడేళ్లు డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక. 2012లో కార్లోస్ కొరియా, గొప్పగా ఆడాడు. 2013లో మార్క్ అపెల్, ఆస్ట్రోస్‌కి మేజర్ లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. 2014లో బ్రేడీ ఏకెన్, అసలు సంతకమే చేయలేదు. ఆ జట్టుకి గుండెకాయ హోసే అల్టూవే. అతన్ని 2007లో వెనిజులాలో 15 వేల డాలర్లకి తీసుకున్నారు. ఓటములు మొదలవక ముందు!

అటు పిట్స్‌బర్గ్ 1993 నుంచి 2012 దాకా వరసగా 20 ఏళ్లు సగానికి పైగా ఓడింది. బాల్టిమోర్ 2018లో 115 ఓడి, 2023లో 101 గెలిచింది. కానీ 2023, 2024 ప్లేఆఫ్స్‌లో ఒక్క ఆటా గెలవలేదు, 2025లో మళ్లీ కిందికి పడింది.

కాబట్టి ఓడటం వల్ల జట్టు బాగుపడుతుందనే మాట నేను ఒప్పుకోను. కుర్రాళ్లని వెతకడం, వాళ్లకి ఆట నేర్పడం వచ్చిన జట్టు బాగుపడుతుంది. అది రాని జట్టు 100 ఓడినా 60 ఓడినా అక్కడే ఉంటుంది. మాకు కావాల్సింది ఓపిక పట్టమనే మాట కాదు. నేర్పడం వచ్చిందన్న రుజువు కావాలి.

"టీమ్ అమ్మేయ్" అని స్టేడియంలో ఎందుకు అరుస్తారు?

జెర్రీ రైన్స్‌డార్ఫ్ 1981 నుంచి ఈ జట్టు యాజమాన్యానికి పెద్ద. బాస్కెట్‌బాల్ బుల్స్ కూడా ఆయనదే. 2005లో 88 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ వచ్చింది ఆయన హయాంలోనే, ఆ సంతోషం ఎవరూ కాదనరు. అయితే 2023 ఆగస్టులో, అప్పటిదాకా ఆఫీసు నుంచి జట్టుని నడిపిన రిక్ హాన్, కెన్నీ విలియమ్స్‌లని తీసేసి, బయట ఎవరినీ గట్టిగా వెతకకుండా, రోజుల్లోనే లోపలి మనిషి క్రిస్ గెట్జ్‌ని జనరల్ మేనేజర్‌ని చేశారు. అంతకుముందు కుర్రాళ్ల శిక్షణ చూసిన మనిషి ఆయనే. పైన చెప్పిన మూడో తప్పు జరిగిన విభాగం అది. ఆ 121 ఓటముల ఏడాదిలోనే కొత్త స్టేడియానికి ప్రజల సొమ్ము అడిగారు. ఇక జనం అరవక ఏం చేస్తారు?

2025 జూన్‌లో పెట్టుబడిదారు జస్టిన్ ఇష్బియాతో ఒప్పందం ప్రకటించారు. 2029 నుంచి 2033 మధ్య రైన్స్‌డార్ఫ్ ఎప్పుడైనా ఆయనకి జట్టు పగ్గాలు అప్పగించవచ్చు. 2034 సీజన్ తర్వాత తీసుకునే హక్కు ఇష్బియాకి ఉంటుంది. అంటే రేపే మారిపోదు.

స్టేడియానికి వెళ్లడం మానేస్తే దారికొస్తారా?

కొంతవరకే. టీవీ హక్కులు, లీగ్ పంచే డబ్బు ఎలాగూ వస్తాయి. 2024లో కూడా దాదాపు 13.8 లక్షల టికెట్లు అమ్ముడుపోయాయి. ఆ ఏడాది ఆటకంటే పైన మార్ష్‌మాలో పెట్టిన క్యాంప్‌ఫైర్ మిల్క్‌షేక్‌కే ఎక్కువ పేరొచ్చింది. మీ డబ్బు మీ ఇష్టం. వెళ్లినవాళ్లని వెర్రివాళ్లని, మానేసినవాళ్లని ద్రోహులని అనకుండా ఉంటే చాలు.

మా అబ్బాయి స్కూల్లో వెక్కిరిస్తున్నారు, కబ్స్‌కి మారిపోతానంటున్నాడు. ఏం చెప్పాలి?

పిల్లల్ని బలవంతపెట్టకండి. ఓడే జట్టుని పట్టుకుని ఉండడం పదేళ్లవాడి బాధ్యత కాదు. ఒక్క పని చేసి చూడండి: జట్టుని కాకుండా ఒక ఆటగాడిని ఎంచుకోమనండి. స్కోరు ఎలా ఉన్నా ఆ ఒక్కడు ఏం చేశాడో రోజూ చూడమనండి. చాలామంది పిల్లలు అలాగే నిలబడ్డారు. కావాలంటే పోప్ లియో కూడా వైట్ సాక్స్ అభిమానేనని చెప్పండి. 2005 వరల్డ్ సిరీస్ మొదటి ఆటకి ఆయన 140వ సెక్షన్‌లో కూర్చున్నారు. స్కూల్లో వాదనకి పనికొస్తుంది.

ఎవరిని చూడమంటారు?

కోల్సన్ మాంట్‌గమరీ. 2021లో మొదటి రౌండ్‌లో తీసుకున్న షార్ట్‌స్టాప్. 2025 ఏప్రిల్‌లో షార్లెట్‌లో బంతి తగలడమే గగనమైపోయింది. అతన్ని ఆటల నుంచి తీసి అరిజోనా శిక్షణ కేంద్రానికి పంపి, బ్యాటింగ్ కోచ్‌లతో స్వింగ్ సరిచేయించారు. ఇతని పని కూడా అయిపోయిందని చాలామంది రాసేశారు. జులై 4న మేజర్ లీగ్‌కి వచ్చాడు. 71 ఆటల్లో 21 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్ లాంటివి) కొట్టాడు.

ఆ హోమ్ రన్ల కంటే అరిజోనాలో గడిపిన ఆ కొద్ది వారాలే నాకు ముఖ్యం. పాత రోజుల్లో అయితే ఆ కుర్రాడిని అలాగే ఆడించి పాడుచేసేవాళ్లు. ఎవరో కూర్చుని, తప్పు ఎక్కడుందో చూసి, సరిచేసి పంపారు.

అలాగే 2024 డిసెంబర్‌లో పిచ్చర్ గ్యారెట్ క్రోషేని బోస్టన్‌కి ఇచ్చినప్పుడు వచ్చిన క్యాచర్ కైల్ టీల్, ఇన్‌ఫీల్డర్ చేజ్ మైడ్రాత్. క్రోషే అక్కడ 2025లో 18 ఆటలు గెలిచాడు, అది గుచ్చుకుంటుంది. కానీ టీల్, మైడ్రాత్ మొదటి ఏడాదే నిలదొక్కుకున్నారు. రూల్ 5 డ్రాఫ్ట్‌లో (వేరే జట్లు కాపాడుకోని కింది స్థాయి ఆటగాళ్లని తీసుకునే పద్ధతి) మిల్వాకీ నుంచి తెచ్చుకున్న పిచ్చర్ షేన్ స్మిత్ అదే ఏడాది ఆల్-స్టార్ అయ్యాడు.

2025లో 60 గెలుపులే. దాన్ని బాగుపడటం అంటారా?

41 నుంచి 60కి వచ్చారు. ఇప్పటికీ చెడ్డ జట్టే. నేను గెలుపుల లెక్క కంటే రెండు విషయాలు చూస్తాను. షార్లెట్ నుంచి ఏటా ఎంతమంది వచ్చి నిలబడుతున్నారు? వాళ్లు నిలబడ్డాక ఓనర్ జేబులోంచి డబ్బు తీస్తున్నాడా? మొదటిదానికి 2025 రెండో సగంలో కొంత జవాబు దొరికింది. రెండోదానికి జవాబు రావాలంటే మాంట్‌గమరీ లాంటివాళ్లు ఖరీదైన ఆటగాళ్లు అయ్యే రోజు రావాలి. 2021 తర్వాత సరిగ్గా అక్కడే దెబ్బతిన్నాం. ఆ రోజు వచ్చినప్పుడు ఎవరికి ఎంత కాంట్రాక్ట్ ఇచ్చారో చూసి, ఈ పేజీలో ఈ ఒక్క జవాబూ మారుస్తాను.